పైమట్టి

ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో, తవ్విపోసిన మట్టిగుట్టలమీద మొక్కలు పెంచే పని చేసి రిటైరై వచ్చేసరికి, పెద్దిరాజుకు ఉప్పలగుప్తం పక్కన మిగిలింది యాభై సెంట్ల రొయ్యల చెరువు. ఒకప్పుడది వరిచేను. లీజుకిచ్చి తవ్వుకోమన్నది అతనే.

"పరాయి ఊళ్ళో గని గుట్టలమీద అడవులు పెంచుతారు, మన చేను మాత్రం ఉప్పుపాలు చేసేరు" అనేది భార్య వీరాయమ్మ. లీజు తీరగానే చెరువు పూడ్చి, ఆ చేలో పండిన బియ్యంతోనే రథసప్తమి పరమాన్నం వండుకుందామని అతను మాటిచ్చాడు. లీజు తీరింది. ఆవిడ మాత్రం నాలుగు నెలల ముందే గని క్వార్టర్స్‌లో కన్నుమూసింది.

వేసవిలో చెరువు పూడ్చడానికి ప్రొక్లెయిన్ మిషను మాట్లాడాడు. నడిపేది నాగసతీష్.

"ఊరంతా తవ్వమని పిలుస్తారు బాబాయిగారూ. పూడ్చమన్నది మీరొక్కరేనండి."

"పూడ్చడానికీ ఓ వరసుంది సతీషూ. గనిలో ముందు పైమట్టి గీకి విడిగా పోస్తాం. బొగ్గు తీసేశాక గొయ్యి నింపి, ఆ మట్టి మళ్ళీ పైన పరిస్తేనే మొక్క బతుకుతుంది. ఈ చెరువు తవ్వినప్పుడు పైమట్టి ముందు పడింది. అంటే గట్టు అడుగునుంది. దానిమీదున్నదంతా లోపలి చవుడు. ముందు గట్టు పైభాగం గుంటలో వెయ్యి. అడుగుది ఆఖర్న పైన పరుచు."

"ఆయ్. ఏదైనా మట్టే కదండీ."

"నేనొచ్చేదాకా మొదలెట్టకు."

మర్నాడు పొద్దున్నే, పని నిర్విఘ్నంగా సాగాలని శివాలయానికి వెళ్ళాడు. గుళ్ళో మోగుతుందని సెల్లు ఇంట్లో వదిలేశాడు. పూజారిగారు ఆలస్యంగా వచ్చారు. అర్చన అయి, కొబ్బరిచిప్ప పట్టుకుని చేను దగ్గరికి వచ్చేసరికి మిషను మోగుతోంది. తూర్పు మూల పది సెంట్లు పూడిపోయింది. సతీష్ గట్టును అడ్డంగా గుద్ది, పైదీ కిందిదీ కలిపి తోసేశాడు.

"ఆపు" అన్నాడు పెద్దిరాజు.

"రెండు గంటలు చూసేనండి. మధ్యాహ్నం ఇంకోచోట పనుంది. ఇంట్లో ఎవరైనా ఎత్తుతారని ఫోన్ కూడా చేసేను."

ఇంట్లో ఎవరున్నారు ఎత్తడానికి? ఇద్దరుండి ఉంటే ఒకరు గుడికి వెళ్ళేవారు, ఒకరు గట్టుమీద నిలబడేవారు. స్వామి పని చూసుకుందామని వెళితే చేను పని చెడింది. తప్పు ఎవరిదనుకోవాలో అతనికి తోచలేదు. మిగిలిన నలభై సెంట్లూ దగ్గరుండి వరస ప్రకారం పూడ్పించాడు.

కాలవలకు నీళ్ళు వదిలాక చేను నిండా పెట్టి, నాలుగు రోజులుంచి తీసేశాడు. అలా మూడుసార్లు ఉప్పు కడిగాడు. పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లాడు. చుట్టూ చెరువులు. రోజంతా వాటిలో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడే తప్ప పలకరించే మనిషి లేడు. వరిచేలున్న రోజుల్లో ఈ గట్టునుంచి ఆ గట్టుకు కబుర్లు నడిచేవి. ఇప్పుడు ఇంటికెళ్ళినా నోరు విప్పే పని లేదు.

నలభై సెంట్లలో జీలుగ ఛాతీ ఎత్తు లేచింది. తూర్పు మూల వెంట్రుకల్లా మొలిచి, పసుపురంగుకు తిరిగి, మాడిపోయింది. నేలమీద తెల్లగా ఉప్పు పొంగింది. రెండో ఏడు వేసిన వరి కూడా అంతే. ఆ మూల వదిలేసి మిగతాది కోశాడు.

రథసప్తమినాడు కొత్తబియ్యం, బెల్లం, ఆవుపాలు, పిడకలు, చిక్కుడాకులు, కొబ్బరికాయ తీసుకుని చేలోకి వచ్చాడు. గుడికి వెళ్ళలేదు. చేనంతా వరిమోళ్ళు. పొయ్యి పెట్టుకునే చదును తూర్పు మూల ఒక్కటే. అక్కడే పిడకలు రాజేశాడు. ఎండ ఎక్కేసరికి పాలు పొంగాయి. చిక్కుడాకులో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం చూపించాడు. అక్కడే రాయిమీద కొబ్బరికాయ కొట్టాడు.

పక్క చెరువు పనికి వచ్చిన సతీష్ పొగ చూసి దగ్గరికొచ్చాడు. పాదాల కింది తెల్లమట్టి చూసి, తల వంచుకున్నాడు.

"ఈ మూల ఇంకెప్పటికీ మొలవదాండి?"

"గనిలో పైమట్టి పరవని ఓ గుట్టమీద తొమ్మిదో ఏట గడ్డి మొలిచింది."

"తొమ్మిదేళ్ళాండీ."

"అప్పుడు చూడ్డానికి ఇద్దరం ఉండేవాళ్ళం" అన్నాడు పెద్దిరాజు.

సతీష్‌కు పరమాన్నం, ఓ కొబ్బరిచిప్ప ఇచ్చాడు. అతను కళ్ళకద్దుకుని, తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. రెండో చిప్ప ఎవరికివ్వాలో తోచక, చేతిలోనే పట్టుకుని పెద్దిరాజు పొయ్యి ఆరేదాకా కూర్చున్నాడు.