అడగకూడని మాట

నోహియా అనుమానం శనివారం పొద్దున ఒక తువ్వాలుతో మొదలైంది. వైమానాలో సముద్రం ఒడ్డున డేరాలు వేసుకుని అప్పటికి ఒక్క రాత్రే అయింది. పిల్లలింకా లేవలేదు. తాడు మీద నాన్న తువ్వాలు మాత్రం నీళ్ళోడుతోంది.

"పొద్దున్నే స్నానమా నాన్నా?"

"నడకకెళ్ళొచ్చానమ్మా. చెమట పట్టింది," అన్నాడు హానలె, కాఫీ కప్పులోకి చూస్తూ.

చెమట పట్టిన మనిషికి చెవుల్లో ఇసుక ఎలా దూరిందట?

ఆయన గుండెకు స్టెంట్లు వేసి నాలుగు నెలలు. నీటి అడుగుకు దిగితే ప్రాణానికే ముప్పని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. దిగనని హానలె మాట ఇచ్చాడు, అదీ చనిపోయిన భార్య పువానాని ఫొటో ముందు నిలబడి. ఆ మాట మీదే నోహియా ఈ వేసవికి బీచి మకాం ఒప్పుకుంది.

ఆదివారం ఇంకో ఆధారం దొరికింది. తండ్రి కళ్ళ చుట్టూ ఎర్రటి అచ్చు, ఈత అద్దాలు బిగించుకుంటే పడేలాంటిది. మొగుడు పిలిపోను పక్కకు లాగి చూపించింది.

"దిండు ఒత్తుకుని ఉంటుందే. మామయ్యని దొంగని చూసినట్టు చూస్తావేంటి?"

"రెండు కళ్ళ చుట్టూ గుండ్రంగా ఒత్తుకునే దిండు ఎక్కడ దొరుకుతుందో చెప్పు, నేనూ ఒకటి కొనుక్కుంటా!"

పిలిపో పొయ్యి దగ్గరికెళ్ళి స్పామ్ డబ్బా తెరిచి మాంసం ముక్కలు వేయించడంలో పడ్డాడు. వీడూ ఆయనతో కుమ్మక్కయ్యాడేమో! మధ్యాహ్నం పిల్లలిద్దరూ తాత చెవిలో "రేపు ఆక్టోపస్ కూరేనా?" అని గుసగుసలాడుతుంటే వాళ్ళ మీదా అనుమానం వచ్చింది. నిలదీస్తే ముసలాయన నడకే అంటాడు. ఆయన చేపలు పొడిచే మూడు మొనల బల్లెం కోసం బండి మొత్తం వెతికింది, డేరాలన్నీ దులిపింది. ఎక్కడా లేదు.

సోమవారం తెల్లవారుతుండగా నోహియా డేరా గుడ్డ సందులోంచి కాపు కాసింది. హానలె చప్పుడు చేయకుండా లేచి, డేరా వెనక ఇసుక తవ్వి బల్లెం బయటికి తీశాడు. ఓరి నాయనో, పూడ్చిపెట్టాడా! పరుగెత్తి పట్టుకుందామంటే ఆయన అప్పటికే నీళ్ళ దగ్గరికి చేరాడు.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది.

వేటకెళ్ళే మనిషిని ఎక్కడికని అడగకూడదు. చేపలు వింటాయి. అడిగారంటే ఆ రోజుకి వేట సరి, ఎంతటివాడైనా వెనక్కి రావాల్సిందే. ఆ తీరంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. పువానాని ఒక్కతే మరిచిపోయేది. మరిచిపోయి అడిగేసి, బతికినన్నాళ్ళూ మొగుడి చేత చీవాట్లు తినేది.

నోహియా బయటికి ఉరికి ఒడ్డంతా వినపడేలా కేకేసింది.

"నాన్నా! చేపలు పట్టడానికేనా? ఏ వైపు? ఏం చేపలు?"

పక్క డేరాల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరో "అయ్యయ్యో" అన్నారు. మోకాలి లోతు నీళ్ళలో హానలె ఆగిపోయాడు. గిర్రున తిరిగి వచ్చాడు.

"బుద్ధుందా నీకు? అచ్చం మీ అమ్మవే! అదీ ఇంతే, నోరు కట్టుకోలేకపోయేది. పక్కింటి కలామా పడవ బోల్తాపడి చచ్చిన రోజు, నేనూ ఆ పడవెక్కాల్సిన వాణ్ణి. గుమ్మంలోనే అడిగేసింది. తుఫాను వచ్చిన ఏడాది పగడపు దిబ్బ అవతలికి పోదామనుకుంటే అప్పుడూ అడిగేసింది. నాకు ఒళ్ళు కాలిపోతున్న రోజు, మొండికేసి బల్లెం తీస్తే..."

హానలె చేతిలోని బల్లెం వైపు చూసుకున్నాడు.

నోహియా దగ్గరికొచ్చి అడిగింది. "సముద్రం బాగుండి, నువ్వు బాగున్న రోజున ఎప్పుడైనా అడిగిందా నాన్నా?"

ఆయన ఐస్‌పెట్టె మీద కూలబడ్డాడు. తల అడ్డంగా ఊపాడు.

"నలభై రెండేళ్ళు మతిలేనిదని తిట్టానే దాన్ని," అన్నాడు. "ఒక్కసారైనా కాదనలేదు."

బల్లెం కూతురి చేతిలో పెట్టాడు.

"ఎక్కడ దాస్తావో నాకు చెప్పకు," అని కళ్ళు తుడుచుకున్నాడు.