మేక బొమ్మ పైస

ఫుర్ఖాన్‌కు ప్రయాణమంటే పడదు. హైదరాబాద్ వెళ్ళినా చీకటి పడేలోపు బోధన్‌లో తన పరుపుల దుకాణం ముందు దిగకపోతే కడుపులో దేవుతుంది. అలాంటి మనిషి బీరువాలో మూడు దేశాలు దాచుకున్నాడు. మొనాకో, శాన్ మరీనో, వాటికన్.

దేశాలంటే వాటి నాణేలు. యూరప్‌లో బోలెడు దేశాలు కలిసి యూరో అనే ఒకే డబ్బు వాడుకుంటాయి. ఆ పెద్ద దేశాల సందుల్లో ఇరుక్కున్న పిట్టంత దేశాలు నాలుగున్నాయి, వాటికీ తమ బొమ్మ వేసుకుని ఆ డబ్బు ముద్రించుకునే హక్కుంది. వాళ్ళు వేసిన బిళ్ళను జర్మనీలోనైనా, ఫ్రాన్సులోనైనా కిరాణా కొట్టువాడు నోరు మూసుకుని తీసుకోవాల్సిందే. ఈ సంగతి తెలిసిన రోజునుంచి ఫుర్ఖాన్ మనసు మనసులో లేదు. "మన చక్కెర ఫ్యాక్టరీ గేటు లోపల వాటికన్ మొత్తం పట్టి, ఇంకా చెరుకు బండ్లకు జాగ మిగుల్తది. గంత దేశానికి సొంత పైస! మరి మన బోధన్‌కు ఏం తక్కువైంది?" అని దుకాణానికి వచ్చినవాళ్ళందరినీ నిలదీసేవాడు. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళు దూది ధర అడిగి తప్పుకునేవాళ్ళు.

ఈ పిచ్చికి ఆయనకొక జోడీ కూడా దొరికాడు. పేరు చెన్నకేశవరావు, చెరుకు రైతు. కాలవ నీళ్ళు చూసి తాతల నాడే కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ పక్కన వలస రైతుల క్యాంపులో స్థిరపడిన కుటుంబం. రావుగారి మేనల్లుడు ఓడల్లో పనిచేస్తాడు, ఆ దారిన ఆయనకూ అవే మూడు దేశాలు చేరాయి. ఆదివారం ఆదివారం ఇద్దరూ బస్టాండు పక్క హోటల్లో డబ్బాలు తెరుచుకుని కూర్చుని, ఒకరి దేశాలను ఒకరు పైకి మెచ్చుకుంటూ లోపల కుళ్ళుకునేవాళ్ళు.

వాళ్ళకొక కట్టుబాటుంది. నాణెం కొనకూడదు. కొనడంలో గొప్పేముంది, డబ్బున్న ప్రతివాడూ ఫోన్లో ఆర్డరు పెట్టుకుంటాడు. చేతులు మారుతూ మారుతూ దానంతటది రావాలి, ఎవరో ఒకరు ఊరికే మన అరచేతిలో పెట్టాలి. నాలుగో దేశమైన అండోర్రా ముందుగా ఎవరికి దక్కి రెండోవాడి కంటబడితే, ఆ రెండోవాడు బతికున్నంత కాలం వాళ్ళకు చాయ్ పోయించాలి, ఎదురుపడినప్పుడల్లా లేచి నిలబడి సలాం కొట్టాలి. చాయ్ ఇద్దరికీ పెద్ద లెక్క కాదు. సలాం అనేసరికి మాత్రం ఇద్దరికీ ఒళ్ళు మండిపోయేది.

చివరికి అండోర్రా ఫుర్ఖాన్ ఇంటికే వచ్చింది. ఆయన తమ్ముడు సైఫ్ దుబాయ్‌లో ఒక హోటల్ వాళ్ళ బట్టలుతికే చోట పనిచేస్తాడు. ఎవరి ప్యాంటు జేబులోంచో రాలిపడిన రాగి రంగు బిళ్ళను, సెలవు మీద వస్తూ అన్న చేతిలో పెట్టాడు. దాని మీద ఒక కొండమేక, ఆ పైన రెక్కలు చాపిన గద్ద. ఫుర్ఖాన్ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఆల్బంలో పెడితే మిగతావాటితో కలిసి దిష్టి తగులుతుందేమోనని కళ్ళకు పెట్టుకునే సుర్మా ఖాళీ డబ్బాలో విడిగా ఉంచాడు. ఉండబట్టలేక రావుగారికి ఫోన్ చేసి, "ఆదివారం సలాంకు తయారుండుండ్రి" అని మాత్రం అన్నాడు.

ఆ ఆదివారంలోపే ఇంట్లో ఒక ప్రయాణం పడింది. ఫుర్ఖాన్ అత్తగారు మరియంబీ వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. నిజామాబాద్‌లో ఆపరేషన్. ఫుర్ఖాన్ ఇంకా పడక మీదుండగానే భార్య అజీజా తల్లిని తీసుకుని పొద్దున బస్సుకు బయలుదేరింది. బయలుదేరే ముందు ఇమామ్ జామిన్ కట్టింది.

ప్రయాణం పోయేవాళ్ళ జబ్బకు ఆకుపచ్చ గుడ్డలో నాణెం చుట్టి కట్టడం వాళ్ళ ఆనవాయితీ. అక్కణ్ణుంచి ఆ మనిషి క్షేమానికి ఇమామ్ పూచీ. క్షేమంగా చేరాక గుడ్డ విప్పి ఆ నాణెం ఎవరైనా పేదవాళ్ళకు ఖైరాత్ ఇచ్చేయాలి, దానం చేయాలన్నమాట. అజీజా ఇల్లంతా వెతికితే ఒక్క నాణెం కనిపించలేదు. కూరగాయల బండి దగ్గరా ఫోనే, పాలవాడికీ ఫోనే, ఇంక చిల్లర ఎక్కడిది? ఆఖరికి సుర్మా డబ్బాలో దొరికింది. మేక బొమ్మ చూసి శుభమే అనుకుంది పాపం.

ఫుర్ఖాన్ లేచి డబ్బా తెరిచాడు. లోపల ఖాళీ, పక్కన ఆకుపచ్చ గుడ్డ పీలిక. అంతే. కట్టుకున్న లుంగీతోనే స్కూటరెక్కి బస్సు వెనక పడ్డాడు. దారిలో ఈ అవతారం చూసిన రావుగారు, ఏదో నాణెం వ్యవహారమేనని పసిగట్టి బుల్లెట్ మీద ఆయన వెనక పడ్డాడు. ఎడపల్లి దగ్గర బస్సు ఆగితే బళ్ళు రోడ్డు పక్కన నిలిపి ముందు ఫుర్ఖాన్, వెనక రావుగారు ఎక్కారు.

"అమ్మీ, గా ముడి విప్పుండ్రి. గది పైస కాదు, నా పానం!" అన్నాడు ఫుర్ఖాన్ రొప్పుతూ. "బదులు ఇంకోటి కడత. వెండిది కడత."

మరియంబీ మరో చేత్తో జబ్బను మూసి పట్టుకుంది. "తోవల ఇమామ్ జామిన్ విప్పుతరా మియా? నా మీద ఏమన్న కోపమున్నదా? నిజామాబాద్ చేరినంక విప్పి, గాడ ఉన్న పేదోళ్ళకు ఇస్త."

"ఇచ్చినంక నేను వాళ్ళ దగ్గర కొనుక్కుంటగదా?"

"కొనకూడదండీ!" అన్నాడు వెనక సీట్లోంచి రావుగారు. "కట్టుబాటు కట్టుబాటే."

ఫుర్ఖాన్ ఆయన్ను నమిలి మింగేలా చూశాడు. చూస్తుండగానే తన బుర్రలో ఒక వెలుగు వెలిగింది. చేరాక కదా ఇవ్వాలి. అసలు చేరకపోతే? ప్రయాణం నడుస్తున్నంతసేపూ నాణెం ఇంట్లోవాళ్ళ జబ్బ మీదే ఉంటుంది. ఏదో ఒక ఉపాయం తట్టేదాకా ఈమెను నిజామాబాద్ చేరనివ్వకుండా తిప్పితే సరిపోతుంది.

"అమ్మీ," అన్నాడు బెల్లం పూసిన గొంతుతో, "నిజాంసాగర్ చూడాలె చూడాలె అంటరు గదా. ముందుగాల గాడికి పోదామా?"

అజీజా నెత్తి కొట్టుకుంది. "అజీ, మీకు దిమాగ్ ఉన్నదా? ఆపరేషన్ ఉన్నది ఇయ్యాల!" కానీ మరియంబీ అప్పటికే బస్సు దిగుతోంది. కంట్లో కత్తి పెడతారన్న మాట విన్నప్పటినుంచి ఆ ముసలామెకు ముద్ద దిగడంలేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అల్లుడికి నాణెం కోసం నిజామాబాద్ వద్దు, అత్తకు కత్తి భయంతో నిజామాబాద్ వద్దు. ఇంకేం, ఇద్దరికీ భలే కుదిరింది.

ఆటో మాట్లాడుకున్నారు, దాని వెనకే రావుగారి బుల్లెట్ బయలుదేరింది. వచ్చిన దారినే వెనక్కి బోధన్ మీదుగా రుద్రూర్ వెళ్ళారు. అక్కడ మరియంబీ చుట్టాలు ఇంట్లోకి రమ్మంటే ఫుర్ఖాన్ అడ్డం పడ్డాడు. ఇంట్లో అడుగుపెడితే చేరినట్టవుతుందేమో, ఎందుకొచ్చిన గొడవ. అందుకని చుట్టాలే గిన్నెలూ పళ్ళేలూ రోడ్డు మీదికి తెచ్చి ఆటోలోకే ఖిచిడీ అందించారు. కాస్త దూరంలో బుల్లెట్‌కు ఆనుకుని నిలబడ్డ రావుగారికి కూడా ఒక పళ్ళెం వెళ్ళింది. "ఆయన ఎవరు?" అని చుట్టాలు అడిగితే, "మాతోనే" అన్నాడు ఫుర్ఖాన్. మరియంబీ హుషారు చెప్పనలవి కాదు. నిజాంసాగర్ తర్వాత వేల్పూర్‌లో మనవరాలు షాజియా ఇల్లుందని, అక్కడ పసుపు కొమ్ములు ఉడకబెడితే ఊరంతా వాసనొస్తుందని, అదీ చూడాలని ఆటోవాడికి ముందే చెప్పి పెట్టుకుంది. ఇంత ఆనందంగా అత్తను తిప్పుతున్నందుకు ఫుర్ఖాన్ తనను తాను కాస్త మెచ్చుకున్నాడు కూడా.

నిజాంసాగర్ నిండుగా ఉంది. గేట్లు ఎత్తారు. ఆటో దిగి కట్ట మీద నిలబడగానే తుంపర మొహానికి కొట్టింది. మరియంబీ ముసుగు సర్దుకుని కాసేపు అటూ ఇటూ తల తిప్పింది.

"మా దాదా గీ కట్టకు రాళ్ళు మోసిండట. గా ముచ్చట చెప్పుకుంటనే సచ్చిపోయిండు," అంది తన తాతను తలుచుకుని. "చప్పుడైతే మస్తు వస్తున్నది. నీళ్ళేవి మియా?"

ఫుర్ఖాన్‌కు అర్థం కాలేదు. నీళ్ళు ఆమె ముందే ఉన్నాయి, కంటికి ఆనినంత మేరా నీళ్ళే. "గదే అమ్మీ, ముందట," అని ఆమె చెయ్యి పట్టుకుని చూపించాడు.

"ఆఁ, కనవడ్డయ్, కనవడ్డయ్," అంది మరియంబీ, అల్లుడు చిన్నబుచ్చుకుంటాడేమోనని. అప్పుడు ఆమె మొహం తిరిగి ఉన్నది నీళ్ళ వైపు కాదు, ఆటోలు ఆపే చోటి వైపు.

ఫుర్ఖాన్‌కు ఏడుపొచ్చింది. వెనక నిలబడ్డ అజీజా మొహం చూడలేకపోయాడు. తనేం మనిషి? వేలి గోరంత రాగి బిళ్ళ కోసం గుడ్డిదైపోతున్న ముసలామెను ఆటోలో వేసుకుని ఊళ్ళు తిప్పుతున్నాడు, ఆమె కనిపించని నీళ్ళను కనిపించాయంటోంది. పోతే పోయింది అండోర్రా, బతికున్నంత కాలం రావుగారికి సలాం కొడితే కొట్టాడు అనుకున్నాడు.

"నిజామాబాద్ తిప్పు," అన్నాడు ఆటోవాడితో. దారిలో మరియంబీ కత్తి సంగతి కక్కేసింది. ఫుర్ఖాన్ ఆమె చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. అజీజా ఆస్పత్రికి ఫోన్ చేసి బతిమాలితే మర్నాడు రమ్మన్నారు.

ఆపరేషన్ ఒక కంటికి చేశారు. జబ్బ మీది గుడ్డ విప్పమని నర్సు ఎంత పోరినా మరియంబీ వినలేదు. కన్ను తెరిచేదాకా ప్రయాణంలో ఉన్నట్టేనని వాదించి గెలిచింది. కట్టు విప్పాక నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, అజీజా భుజం పట్టుకుని ఆస్పత్రి గేటు దగ్గరికి నడిచింది. అక్కడే గోడ వారగా అడుక్కునేవాళ్ళు వరుసగా కూర్చుంటారు.

ఆ వరుసలో నెత్తిన తువ్వాలు కప్పుకుని, ఉంగరాలు జేబులో వేసుకుని, చెయ్యి చాపి చెన్నకేశవరావు కూర్చుని ఉన్నాడు.

ఫుర్ఖాన్ పోతే పోయిందనుకున్న మాట నిజమే. నిజాంసాగర్ కట్ట మీద అనుకున్నది నూటికి నూరుపాళ్ళూ మనస్ఫూర్తిగా అనుకున్నాడు. కానీ మనిషన్నవాడు రావుగారిని ఆ వరుసలో చూసి ఎట్లా ఊరుకుంటాడు? గబగబా వెళ్ళి ఆయన పక్కనే చతికిలబడి తనూ చెయ్యి చాపాడు.

"జరగండి, ముందు నేనొచ్చాను," అన్నాడు రావుగారు పళ్ళ సందుల్లోంచి.

"నేను గామె అల్లుణ్ణి!"

మరియంబీ వాళ్ళ ముందు ఆగింది. కొత్త కన్ను కదా, అంతా శుభ్రంగా కనిపిస్తోంది. "మొన్న దినమంత మా ఎనక మోటర్ సైకిల్ చప్పుడు జేసింది నువ్వేనా బిడ్డా? చెప్పులు మంచిగున్నయి," అంది రావుగారితో. తర్వాత అల్లుణ్ణి చూసింది. "మియా, నువ్వు గూడనా?"

"నాకు గావాలె అమ్మీ," అన్నాడు ఫుర్ఖాన్. ఇంక దాచేదేముంది.

"నీకు దుకాణమున్నది, ఈయనకు చెరుకు తోటలున్నయి. మీకు ఖైరాత్ చెల్లది. లేచి బట్టలు దులుపుకోండ్రి."

ఇద్దరూ లేవలేదు. ఆమె గుడ్డ ముడి విప్పి, రావుగారి పక్కన కూర్చున్న గంగమణి అనే ముసలామె చేతిలో నాణెం పెట్టింది. గంగమణి అటూ ఇటూ తిప్పి చూసింది, వేలితో గీకింది.

"గిదేం పైసనమ్మా? మన పైసల మీద సింహాలుంటయి. గీడ మేక ఉన్నది. గిది నడువది," అని తిరిగి ఇచ్చేసింది. పక్కవాడికి ఇస్తే వాడూ చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ పక్కవాడు ఫోన్‌పే ఉందా అని అడిగాడు. వరుస చివరిదాకా వెళ్ళి నాణెం మళ్ళీ మరియంబీ చేతికే వచ్చింది.

ఇక్కడ ఫుర్ఖాన్ నోరు మూసుకుని ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ తన అండోర్రాను గేటు దగ్గర ఒక్కరూ తీసుకోకపోవడం ఆయనకు పట్టరాని అవమానమనిపించింది.

"నడువదా? జర్మనీల నడుస్తది! ఫ్రాన్స్‌ల నడుస్తది! గాడ ఎవ్వడన్న కాదనుమను చూద్దాం!"

"గట్లయితే గాడికే పొయి ఇయ్యిండ్రి," అంది గంగమణి.

మరియంబీ ఆలోచనలో పడింది. నాణేన్ని కొత్త కంటికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. "గీమె చెప్పింది నిజమే. ఎవ్వరు తీసుకోకపోతే ఖైరాత్ కాలేదు. ఖైరాత్ కాకపోతే నేను ఇంకా చేరలే," అంది. "గీ మేక కొండ మీదున్నది మియా. పైన గద్ద గూడ ఉన్నది. గీ కొండ ఏడున్నది?"

"మస్తు దూరం అమ్మీ. సముద్రాలు దాటి పోవాలె."

"పాస్‌పోర్టుకు ఏమేం గావాలె?"

అజీజా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియదు. రావుగారు ఒకసారి నాణెం వంక, ఒకసారి ఆమె వంక చూశాడు. ఆయన లెక్కలో నాలుగో దేశం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తేలిపోయింది. తువ్వాలు దులుపుకుని లేచి నిలబడి, మరియంబీకి వంగి సలాం కొట్టాడు. "చాయ్ తాగుతారా అండీ?" అని అడిగి, "మీరు అక్కడికి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను. ఎవరి చేతిలో పెడతారో చూడకపోతే నాకు నిద్ర పట్టదు," అన్నాడు.

మరియంబీ జబ్బ చాపింది. "కట్టు మియా. నీ చేత్తోనే కట్టు."

ఫుర్ఖాన్ నాణేన్ని ఆకుపచ్చ గుడ్డలో చుట్టాడు. మూడు దేశాలు బీరువాలో పెట్టుకున్నాడు కానీ, వాటిలో మనుషులుంటారని, అక్కడికి టిక్కెట్టు దొరుకుతుందని ఆయనకు ఏనాడూ తోచలేదు. కడుపులో అప్పుడే దేవడం మొదలైంది. అయినా ముడి మాత్రం గట్టిగానే వేశాడు.