మొదటికొచ్చిన సింఫనీ

ఆ దివాణంలో పొద్దున దొరగారికి గడ్డం గీసినవాడే సాయంత్రం ఫిడేలు పట్టుకునేవాడు. గుర్రాలకు దాణా పెట్టేవాడు సన్నాయిలాంటి ఓబో ఊదేవాడు. పని రాకపోయినా సర్దుకుపోతారు గాని, వాద్యం రాకపోతే బొహీమియాలో ఏ దొరా నౌకరీ ఇవ్వని రోజులవి. అడవి కాపలాదారు హినెక్ ముప్పై ఏళ్ళుగా అక్కడ కొమ్ముబాకా ఊదుతున్నాడు. ఆయన కూతురు డొరోతా మేడ వెనక గదిలో కూచుని, ప్రోకోప్ మేష్టారు కట్టిన సింఫనీలను ఒక్కో వాద్యానికి ఒక్కో కాగితం చొప్పున ఎత్తి రాసేది. ముత్యాల్లాంటి చేతిరాత.

సింఫనీ మొదటి భాగంలో ఒకచోట నిలువు గీతల పక్కన రెండు చుక్కలుంటాయి. అవి కనిపిస్తే వాయించేవాళ్ళు మళ్ళీ మొదటికి వెళ్ళాలి. ఎక్కడైనా అంతే. ఆ దివాణపు హాల్లో మాత్రం వాళ్ళతో పాటు కాలం కూడా మొదటికి వెళ్ళేది. కరిగిన కొవ్వొత్తులు మళ్ళీ పొడుగయ్యేవి. ఒలికిన వైను కూజాలోకి చేరేది. ఒకసారి తుమ్మినవాళ్ళు, మళ్ళీ తుమ్మాలా వద్దా అని ఆలోచించుకునేవాళ్ళు. జరిగిందంతా అందరికీ గుర్తుండేది గాని, మొదటి విడత సంగతి ఎత్తడం మర్యాద కాదు. కింద వంటింట్లోనూ అంతే గనక, వంటచేసే బార్బోర పిన్నికి అదొక వరం. "ఇవాళ చుక్కలున్నాయా అమ్మాయీ?" అని ముందే కనుక్కునేది. ఉన్నాయంటే ఇక పులుసు మాడినా ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఆ రోజు చుక్కలు లేవు. వియన్నా నుంచి దొరగారికి పెద్ద చుట్టం వచ్చాడు. ఒకటే పాట రెండుసార్లు వింటే ఆవులిస్తాడట. అందుకని మేష్టారు చుక్కలు లేకుండానే సింఫనీ కట్టారు.

సరిగ్గా ఆ పొద్దునే గట్టి రొట్టె అంచు కొరకబోయి హినెక్ ముందుపన్ను ఊడింది.

"ఏదీ, నోరు తెరు నాన్నా," అంది డొరోతా.

"తెరిచి చూపించడానికి నేనేమన్నా సంతలో గుర్రాన్నా? పో, నీ పని చూసుకో."

"బాకా ఆనేది ఆ పంటి మీదే కదా!"

"ఊపిరి ఉందిగా. ముప్పై ఏళ్ళ ఊపిరి ఎక్కడికి పోతుంది?"

ఆయన బాకా పెదవులకు ఆనించి ఊదాడు. కొంత గాలి, కొంత తుంపర వచ్చాయి. స్వరం మాత్రం రాలేదు.

ఆ సింఫనీలో అందరూ ఆగిపోయి, నాలుగు ఆవర్తాల పాటు బాకా ఒక్కటే పైస్థాయిలో పలకాల్సిన చోటుంది. అక్కడ శ్రుతి పగిలితే ఆయన ఒంటి మీద దివాణపు నీలం కోటు ఉండదు, తండ్రీకూతుళ్ళకు తల దాచుకునే గదీ ఉండదు. దొరగారు మంచివాడే గాని, ఆయన చెవికి దయ లేదు.

"మేష్టారికి చెప్పేద్దాం నాన్నా."

"చెప్పావంటే నా మీద ఒట్టే. పన్ను ఊడిన బాకావాడని ఊరంతా నవ్వాలా?"

ఒట్టు తీసి గట్టు మీద పెట్టే పిల్ల కాదు డొరోతా. చాలాసేపు గోళ్ళు కొరుక్కుంది. ఒకసారి తప్పినా రెండోసారి పలుకుతుందేమో అనిపించింది. చిన్న తప్పు దొర్లిందని చెప్పి కాగితాలన్నీ వెనక్కి తెచ్చుకుంది. మేష్టారి కాగితంతో సహా అన్నిటిలో రెండేసి చుక్కలు పెట్టింది. ఎత్తి రాసేవాళ్ళు తమది కాని సంగీతంలో చుక్క కలపడమంటే దొంగతనం కన్నా పాపం.

సాయంత్రం హాలు తలుపు పక్కన నిలబడి వింది. బాకా వంతు వచ్చింది. అది దూడ చనిపోయిన గేదెలా అరిచి, మధ్యలో తెగిపోయింది. చుట్టం ఉలిక్కిపడ్డాడు. దొరగారు దివాను వైపు వంగి, "రేపట్నుంచి ఆ ముసలాయన వద్దు," అన్నారు.

అంతలో చుక్కలొచ్చాయి. మేష్టారి కనుబొమలు పైకి లేచాయి గాని, కాగితంలో ఉన్నాక తప్పుతుందా? అందరూ మొదటికి వెళ్ళారు. కొవ్వొత్తులు పొడుగయ్యాయి. దొరగారి మాట దొరగారి నోట్లోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ బాకా వంతు. అందరూ ఆగారు. హినెక్ బాకా ఎత్తాడు, పెదవుల దాకా తెచ్చాడు, మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు లెక్క పూర్తయ్యేదాకా విల్లు కదపకూడదు. నాలుగు ఆవర్తాలు హాల్లో గాలి కూడా ఆడలేదు. ఐదోదానికి ఫిడేళ్ళు సన్నగా అందుకున్నాయి.

చుట్టం పకపకా నవ్వాడు. పైఊరివాడికి ఇక్కడి మర్యాదేం తెలుసు? మొదటి విడత సంగతి ఎత్తేశాడు. "మొదట అంత గావుకేక! రెండోసారి కిమ్మనలేదు! ఏం చమత్కారం దొరా! ఆ బాకా ఆయన పేరేంటి?"

"హినెక్," అన్నారు దొరగారు. ఆయన ఛాతీ పొంగింది. "మా మేష్టారికీ ఆయనకీ ఇలాంటి చిలిపి పనులు అలవాటే."

కచేరీ అయ్యాక మేష్టారు కాగితం పట్టుకుని గదికి వచ్చారు. "ఈ చుక్కలు నేను పెట్టానా?"

"నేనే మేష్టారూ," అని డొరోతా ఏడ్చేసింది. పన్ను సంగతి ఇక దాగలేదు.

ఆయన కాసేపు తిట్టారు. తర్వాత, "చలికాలంలో దొరగారి వెంట వెళ్ళి ప్రాగ్‌లోనూ వాయించాలట. అచ్చం ఇలాగే," అన్నారు.

"ప్రాగ్‌లో పళ్ళున్న బాకావాళ్ళు బోలెడుమంది కదా!" అంది డొరోతా.

"ఉంటే? అంత ముచ్చటగా తప్పడం వాళ్ళ తరమా? హినెక్ గారు లేకపోతే ఆ సింఫనీయే వద్దన్నారు దొరగారు. ఇక మీదట ఆయన వంతు పైస్థాయి లేకుండా కడతాను. ఈ ఒక్క చోట మాత్రం ఆయన ఇష్టం."

మేష్టారు వెళ్ళాక హినెక్ నీలం కోటు విప్పి, మడతపెట్టి, మళ్ళీ విప్పాడు.

"ముప్పై ఏళ్ళు సరిగ్గా ఊదాను అమ్మాయీ. ఒక్క అతిథీ నా పేరు అడగలేదు. ఇవాళ ఊదకపోతే అడిగారు."

నవ్వబోయి, పన్ను లేని చోట చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డొరోతా ఆ చెయ్యి తీసేసింది.