ఏప్రిల్ దాకా

మంచు పడిన మర్నాడు పొద్దున్నే ఏ ఇంటి కప్పయినా సరే, వీధిలో నిలబడి ఒక్కసారి చూసి, ఆ ఇంట్లో రాత్రి ఎంతమంది పడుకున్నారో చెప్పేస్తాను. మనిషి ఒంటి వేడి ఊరికే పోదు. పైకి లేచి, కప్పు కిందనుంచి మంచును మెత్తబరుస్తుంది. ఇద్దరు పడుకున్న ఇంటి మంచు ఒకలా జారుతుంది, ముగ్గురు పడుకున్న ఇంటి మంచు ఇంకోలా జారుతుంది. ఈ విద్యలో నన్ను మించినవాడు ఈ సముద్రపు ఒడ్డు పొడుగునా లేడు.

అందుకే కాబోలు, మా వాడలో ఎవరెలా బతుకుతున్నారో చూసి పురపాలక కార్యాలయానికి చెప్పే పని నాకు అంటగట్టారు. జీతం లేదు. కొత్త సంవత్సరానికి ఒక తువ్వాలు ఇస్తారు. ఊరి స్నానశాలలో పొయ్యి చూసే తొమెకిచి ఎక్కడ పడుకుంటున్నాడో చెప్పవలసినవాణ్ణి కూడా నేనే.

ఆ ఫిబ్రవరి రోజున తొమెకిచి వెలుగు రాకముందే లేచి, స్నానశాల వెనక కట్టెల కొట్టంలో దూలం చీలుస్తున్నాడు. పొట్టి మనిషి, వెడల్పాటి వీపు. ఏళ్ళ తరబడి పొయ్యిలోకి తొంగిచూడటం వల్ల ఎడమ కనుబొమ మాడి, మళ్ళీ సరిగా మొలవలేదు. దాంతో ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టు కనిపించేవాడు. నిజానికి జన్మలో ఎవర్నీ అనుమానించలేదు, తనను తప్ప. ఎడమ భుజం కొన్నాళ్ళుగా లాగుతోంది. గొడ్డలి పిడి మార్చాలి అనుకున్నాడు. వీపు నొప్పెట్టినా, పన్ను కదిలినా, అతని లెక్కలో తప్పు గొడ్డలిదే.

మా ఊళ్ళో ఇళ్ళు కట్టేవాళ్ళు లేరు. పడగొట్టేవాళ్ళకు మాత్రం తీరిక లేదు. పడగొట్టిన ఇళ్ళ కర్రంతా లారీలో వచ్చి స్నానశాల వెనక పడుతుంది. తొమెకిచి మేకులు పీకి, కోసి, పొయ్యిలో వేస్తాడు. ఊరు కొంచెం కొంచెంగా కాలుతూంటే ఆ వేడి నీళ్ళలో మేం మెడదాకా మునిగి, హాయిగా ఉంది అనుకుంటాం. ఏ స్తంభం ఏ ఇంటిదో అతనికి తెలిసేది. ఆ రోజుది మంగలి ఇంటిది. పిల్లలు ఎంత ఎదిగారో చూడటానికి చాకుతో గీసిన గీతలు దానిమీద ఉన్నాయి. అలాంటివి అతను పక్కన పెట్టి ఆఖర్న వేసేవాడు. ఆ రోజు పక్కన పెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. గీతల స్తంభాన్నే ముందు వేశాడు. అది చాలాసేపు అంటుకోలేదు. అంటుకున్నాక పొగ పైకి పోకుండా, గొట్టం దిగివచ్చి, మంచుమీద పాకుతూ వీధిలోకి వెళ్ళింది.

కొట్టం తలుపు దగ్గర చిన్న గంట చప్పుడైంది. కూతురు మిసావో, చిన్న జారుడు బండిమీద మనవరాలు సుజును కూర్చోబెట్టి లాక్కుంటూ వచ్చింది. బండికి గంట కట్టింది సుజు పోరు పడలేక. మిసావో చేతిలో, తువ్వాలు చుట్టిన గిన్నె ఉంది.

"నాన్నా, రాత్రంతా దగ్గావట. కికునో పిన్ని చెప్పింది. ఈ చలి తగ్గేదాకా ఇంటికి రా." కికునో అంటే స్నానశాల యజమానురాలు.

"ఏప్రిల్ వస్తోందిగా."

"ఏప్రిల్ దాకా నువ్వుండాలిగా."

"ఉండక ఎక్కడికి పోతానే? ఉన్న ఒక్క బస్సూ తీసేశారు."

మిసావో నవ్వలేదు. గిన్నె ముందుకు చాచింది. పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన మిసో పులుసు, అందులో ముల్లంగి. తొమెకిచి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"తీసుకెళ్ళు. ఎవరైనా చూస్తే."

"గిన్నె మీద మన ఇంటిపేరు రాసి ఉందా ఏం?"

"పులుసు వాసనకు పేరెందుకు."

కిందికి వంగి సుజు టోపీ తాడు బిగించాడు. పిల్ల అతని మాడిన కనుబొమను వేలితో తడిమింది. తర్వాత బండి కదిలింది. గంట చప్పుడు శిశుశాల వైపు పోయేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. పులుసు వాసన మాత్రం పోకుండా కొట్టంలో ఉండిపోయింది. దాన్ని గొడ్డలితో నరకలేం కదా.

ఇంత పిచ్చి ఎందుకంటారా, చెప్తాను. మా శిశుశాల పురపాలకానిది. మూడేళ్ళు నిండిన పిల్లల తరగతికి ఎవరూ రుసుము కట్టక్కర్లేదు. ఏప్రిల్లో కొత్త తరగతులు మొదలైతే సుజు అందులో చేరుతుంది. అంతకన్నా చిన్న తరగతులకు మాత్రం ఇంటి ఆదాయాన్ని బట్టి కట్టాలి. ఆదాయం అంటే ఈ రోజు జేబులో ఉన్నది కాదు, కిందటేటి సంపాదన మీద పడిన ఊరి పన్ను. ఆ పన్నును బట్టి మెట్లు కట్టారు. పన్నే పడనంత తక్కువ సంపాదించే తల్లి అట్టడుగు మెట్టు, ఆమె ఏమీ ఇవ్వదు. మిసావో ఆ మెట్టుమీదే ఉండాలి. భర్తతో తెగిపోయి తండ్రి ఇంటికి వచ్చింది. చేపల ముద్దలు ఆవిరిమీద ఉడికించే ఫ్యాక్టరీలో గంటల లెక్కన పని.

అయితే అలాంటి తల్లి, సంపాదిస్తున్న తండ్రి ఇంట్లో ఉంటే ఆ ఇంటిని నడిపేది తాతే అని కార్యాలయం లెక్క. అప్పుడు తాత పన్ను చూసి మెట్టు వేస్తారు. వాళ్ళది తప్పనను. డబ్బున్న తాతలు కూతుళ్ళ వెనక దాక్కునే ఊళ్ళూ ఉంటాయి. తొమెకిచికి కాస్త పింఛనూ, పొయ్యి దగ్గర జీతమూ ఉన్నాయి. అవి రెండూ భార్య జబ్బుకు చేసిన అప్పుకింద పోయేవి. పన్నుకు జీతం కనపడుతుంది, అప్పు కనపడదు. సెప్టెంబరులో ఏటా మెట్లు కొత్తగా వేస్తారు. ఆ సెప్టెంబరులో వచ్చిన మెట్టు మిసావో జీతంలో మూడోవంతు మింగేలా ఉంది.

కట్టలేక ఒక వారం పిల్లను శిశుశాల మాన్పించి పొయ్యి దగ్గర ఉంచారు. ఆ వారంలోనే ఒకరోజు తొమెకిచి కట్టె అందుకోవడానికి అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి సుజు చెయ్యి పొయ్యి తలుపు గొళ్ళేనికి అందబోతోంది. పిల్ల చేతికీ ఇనుముకీ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. ఆ సాయంత్రమే పరుపు భుజాన వేసుకుని బాయిలర్ పైన ఉన్న అటక గదికి మారాడు. కార్యాలయానికి వెళ్ళి, నేను వేరు, నా కూతురు వేరు అని చెప్పాడు. సకుమా అనే కుర్ర గుమాస్తా, మాట చాలదు, నిజంగా వేరుగా బతుకుతున్నట్టు కనపడాలి, ఫిబ్రవరిలో ఒకసారి వచ్చి చూస్తాం అన్నాడట. అంతే. ఆ 'కనపడాలి' అన్న మాట తొమెకిచిలో మేకులా దిగింది.

అప్పట్నుంచి తన ఇంటి గడప తొక్కలేదు. కప్పుమీద మంచు తోయడానికి కూడా చీకట్లోనే వెళ్ళి, నిచ్చెన దిగి అటునుంచి అటే వచ్చేవాడు. శిశుశాల పిల్లలు వరసగా తాడు పట్టుకుని మంచులో ఆడటానికి వస్తే, కరెంటు స్తంభం వెనక నిలబడి చూసేవాడు. మనిషి వెడల్పు స్తంభానికి రెండింతలు. పిల్లలంతా అతనికి చేతులూపేవారు. అయినా దాక్కున్నాననే అనుకునేవాడు.

ఆ పొద్దున కార్యాలయంనుంచి నాకు ఫోను వచ్చింది, మధ్యాహ్నం సకుమా వస్తున్నాడని. చెబుదామని వెళ్ళాను. తొమెకిచి పొయ్యి ముందు పీటమీద ఉన్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. బూడిదే అనుకున్నాను.

నేనూ వాడూ ఒకే బడిలో ఒకే బల్లమీద నిద్రపోయినవాళ్ళం. ఆ చనువుతో, ఇవాళ ఆ గుమాస్తా చూసి వెళ్ళిపోతాడు, రాత్రికి నువ్వు ఇంటికి పోయి పడుకో, ఇంక ఎవరూ రారు అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"చూసి వెళ్ళాక వెళితే అది దొంగతనంరా."

"పోనీ భోజనానికైనా వెళ్ళొచ్చో లేదో అడగరాదూ ఆ కుర్రాణ్ణి?"

"అడిగితే అనుమానం వస్తుంది. నాకు వేరే పడుకోవడం కొత్తా? మిసావో చిన్నప్పుడు ఏ చలికాలం ఇంట్లో ఉన్నాను? ఇదొక చలికాలం ఎక్కువ, అంతేగా."

నిజమే. మంచు పడగానే టోక్యోకు పోయి, నేల కింద రైలు సొరంగాలు తవ్వి, మంచు కరిగాక తిరిగొచ్చేవాడు. ఏటా వసంతంలో మిసావో ఎవరో కొత్తమనిషి వచ్చాడని తల్లి వెనక దాక్కునేది. వాడి వేలి కొన ఒకటి ఏదో స్టేషను కింద ఉండిపోయింది. ఏ స్టేషనో కూడా వాడికి జ్ఞాపకం లేదు. ఇల్లు నిలబెట్టడానికి ఇంట్లో లేకుండా ఉండటమే వాడు జీవితమంతా చేసిన పని. బాగా అలవాటైన పని కావడం వల్ల, అడక్కపోయినా చేసేవాడు.

"నువ్వు ఎక్కడ పడుకున్నా నేను కప్పు చూసి చెప్పేస్తాను, జాగ్రత్త," అన్నాను వాణ్ణి నవ్వించడానికి.

"మీ ఆవిడ వాడ ఆడవాళ్ళతో వేడినీళ్ళ ఊటలకు వెళ్ళిన రోజు మీ కప్పేం చెప్పిందిరా?"

ఆ సంగతి ఊరంతా తెలుసు. డిసెంబరులో ఇదే సకుమా ఎదుట నా విద్య చూపిద్దామని, మా ఇంటి కప్పువైపు వేలెత్తి, రాత్రి ఇద్దరు పడుకున్నారు, నేనూ మా ఆవిడా అన్నాను. అప్పుడే ఊటలవాళ్ళు పంపిన బస్సు దిగి, సంచీ పట్టుకుని, మా ఆవిడ నా వెనకనుంచి వచ్చి నమస్కారం పెట్టింది. ముందురోజు ఉదయమే వెళ్ళిందట. నేను చూసుకోలేదు. కాబట్టి ముందు చెప్పిన గొప్పలన్నీ మీరు కొట్టేసుకోవచ్చు. కప్పు మంచు దాని ఇష్టం వచ్చినప్పుడు జారుతుంది.

తొమెకిచి నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక కూడా చెయ్యి గుండెమీదే ఉండిపోయింది. డాక్టరు దగ్గరికి పద అన్నాను. రేపు వెళతాను, ఇవాళ వచ్చేసరికి గదిలో నేను లేకపోతే ఆ కుర్రాడు ఏమనుకుంటాడు అన్నాడు. చీపురు తీసుకుని మెట్లు ఊడ్చుకుంటూ పైకి వెళ్ళాడు. ఊడ్చిన మెట్టుమీదే మళ్ళీ ఊడవటం వినిపించింది. ఒక్కో మెట్టు దగ్గర ఆగుతున్నాడు.

మధ్యాహ్నం సకుమాను వెంటబెట్టుకుని వచ్చేసరికి గాలి పూర్తిగా పడిపోయింది. కాకులు గొట్టంమీద వరసగా కూర్చుని ఉన్నాయి. గొట్టం వేడిగా ఉంటే కాకి కూర్చోదు. నేను అది చూశాను, కాని సకుమాకు చెప్పలేదు. ముందు తలుపు దగ్గర కికునో నిలబడి, ఎప్పుడూ లేంది నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, తొమెకిచిగారు పిలిచినా పలకడం లేదు అంది. పిలిచిందే గాని వెనక్కి వెళ్ళి చూడలేదు. వెళ్ళాలనిపించలేదంది.

తొమెకిచి పీటమీదే ఉన్నాడు. వీపు గోడకు ఆనించి, రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని, వరసలో తన వంతు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు. పొయ్యి తలుపు మూసి, గొళ్ళెం పెట్టి ఉంది. లోపల నిప్పు చాలావరకు చల్లారిపోయింది.

డాక్టరు వచ్చాడు, చూశాడు, గుండె అన్నాడు. మిసావోకు ఫ్యాక్టరీకి కబురు పంపాం. సకుమా ఏం చేయాలో తెలియక, వచ్చిన పనికే కాళ్ళు అలవాటుపడి, మెట్లెక్కి గదిలోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మడిచిన పరుపు, ఒక గిన్నె, అన్నం తినే పుల్లలు ఒక జత, ఒక కప్పు. ఒక్క మనిషి బతికినట్టు ఎవరికైనా కనపడుతుంది. కూతురు తెచ్చిన పులుసు కూడా తాకలేదు, కార్యాలయం ఒప్పుకోదని, అన్నాను. సకుమా కిటికీవైపు తిరిగాడు.

"భోజనానికి వెళితే తప్పేం లేదు తాతగారూ," అన్నాడు. "పడుకునేదీ ఖర్చులూ వేరైతే చాలు. రోజూ వెళ్ళినా ఎవరూ ఏమనరు. ఆయన ఒక్కమాట అడగలేదు."

వేరుగానే బతికాడు అని రాసుకున్నాడు. సుజు చోటు అలాగే ఉంది, రుసుము లేదు. ఇకమీదట తాత పన్ను గురించి అడిగేవాళ్ళూ లేరు.

మిసావో చేతులకు చేపల వాసనతోనే వచ్చింది. తండ్రి ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఏడవకుండా సకుమావైపు చూసింది.

"ఇంక మా నాన్నను ఇంటికి తీసుకెళ్ళొచ్చా?"

సకుమా నడుము వంచి తల దించాడు. జారుడు బండిమీద తీసుకెళ్ళాం. శరదృతువు తర్వాత మొదటిసారి తొమెకిచి ఆ రాత్రి తన ఇంట్లో, తన చాపమీద పడుకున్నాడు. పక్కన సుజు నిద్రపోయింది. కూతురు వండిన అన్నం తల దగ్గర పెట్టారు. చనిపోయినవాడికి ఆదాయం ఉండదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

గది ఖాళీ చేయడానికి మర్నాడు నేనే వెళ్ళాను. మడిచిన పరుపు ఎత్తితే దాని వెనక సుజు డైపర్ల దొంతర ఒకటి ఉంది. పగటి నిద్రలో తడుపుతుందని శిశుశాలకు ఇవ్వవలసినవి. అక్కడ ప్రతిదాని మీదా పేరు రాసి ఇవ్వాలి. అది తొమెకిచి తనే చేసేవాడని అప్పుడు తెలిసింది. పెద్ద పెద్ద అక్షరాలు, బడిలో ఇద్దరం దెబ్బలు తిని నేర్చుకున్నవి. అన్నిటికన్నా పైదాని మీద 'సు' దాకా రాసి ఆగిపోయింది. పెన్ను మూత తీసి పక్కన పడి ఉంది.

ఆ సగం పేరు నేను కల్పించింది. కథ అలా ఉంటే బాగుంటుందనిపించి, ఇన్నేళ్ళుగా అలాగే చెబుతున్నాను. నిజానికి అన్నిటి మీదా పేరు పూర్తిగా ఉంది. దొంతర అంచులు సరిచేసి ఉంది. దానిమీద నల్ల పెన్ను, మూత గట్టిగా నొక్కి పెట్టి ఉంది.