కొండ దిగే పట్టికలో మొదటి పేరు

సంచిలో మొదట రెయిన్‌కోటు పెట్టాను. మళ్ళీ తీశాను. అడుగున పెడితే వాన వచ్చినప్పుడు అన్నీ బయట పడేసి వెతుక్కోవాలి. ముందు ఒక జత బట్టలు, వాటిమీద తువ్వాలు, సైకిల్ ట్యూబు, చిన్న పంపు, చేతి గ్లౌజులు, అన్నిటికంటే పైన రెయిన్‌కోటు. మా మనవరాలి మొగుడు తలుపు దగ్గర కూర్చుని సైకిల్ చైనుకి నూనె వేస్తూ నవ్వాడు.

"అమ్మమ్మగారూ, ఒక్క రాత్రికి వెళ్తున్నాను. మీరు సర్దడం చూస్తే కాపరం ఎత్తేస్తున్నానేమో అనిపిస్తోంది."

"ఒక్క రాత్రికని వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాను నాయనా."

"అదిగో, మొదలుపెట్టారు."

నిజమే, సంచి సర్దడమంటే నాకు భయం. నా చిన్నప్పుడు మా నాన్న ఇలాగే సంచి భుజాన వేసుకుని పనికని వెళ్ళాడు. తర్వాత మా అన్న వెళ్ళాడు. మా ఆయన ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు, రెండు చొక్కాలు చాల్లే, ఎల్లుండి వచ్చేస్తాం కదా అన్నాడు. అప్పటినుంచి ఏ సంచి జిప్పూ నా చేత్తో ముయ్యను. ఇంట్లో అందరికీ తెలుసు, అందరూ నవ్వుతారు. ఆ శనివారం మాత్రం నవ్వుతూనే నా మొహంలోకి చూడకుండా తప్పించుకున్నాడు అతను. ఎందుకు వెళ్తున్నాడో నాకు తెలుసని అతనికి తెలుసు.

మేమున్నది మూడో అంతస్తులో. నేను, మనవరాలు, ఆమె మొగుడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పెద్ద మేడల్లో బావిలాంటి చీకట్లోకి తాడు కట్టుకుని దిగే పని. నడుముకి కట్టిన బెల్టు రెండుసార్లు లాగి చూసుకోనిదే కాలు కదపడట. సైకిలెక్కితే మాత్రం ఆ మనిషి ఈ మనిషేనా అనిపిస్తుంది.

మనవరాలు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంది. సైకిల్ తొక్కేవాళ్ళు ఫోన్లో ఒక యాప్ పెట్టుకుంటారు. ఏ రోడ్డు ఎంతసేపట్లో తొక్కారో అది కొలుస్తుంది. ప్రతి రోడ్డుకీ ఒక పట్టిక, అందరికంటే వేగంగా తొక్కినవాళ్ళ పేరు దాని పైన. ఆ పట్టికల్లోకి కార్లూ మోటారుబళ్ళూ దూరకుండా చూడడం మా పిల్ల పని.

మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. "సైకిళ్ళ పందెంలోకి కారేసుకొచ్చేంత సిగ్గులేనివాళ్ళు కూడా ఉంటారుటే?"

"ఎక్కువమంది దొంగలు కాదమ్మమ్మా, మతిమరుపువాళ్ళు. తొక్కి తొక్కి అలిసిపోయి, సైకిల్ని కార్లో పడేసుకుని ఇంటికి బయల్దేరతారు. ఫోన్లో యాప్ ఆపరు. కారు వేగం కూడా సైకిల్ ఖాతాలో పడిపోతుంది. ఇదిగో, ఈయన్ని చూడు. ఎత్తు రోడ్డు మీద గంటకి ఎనభై. గుండె మాత్రం సోఫాలో కూర్చున్నవాడిలా కొట్టుకుంటోందని చేతి వాచీ చెప్తోంది."

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. బస్సుల మీద పేర్లు, పొట్లాలు విప్పిన కాగితాలు చదివి చదివి అక్షరాలు పట్టుకున్నాను. ఏది కనిపించినా చదవడం అలవాటైపోయింది. మనవరాలి వెనక కుర్చీ వేసుకుని ఆ తెరమీద వేగం చూపించే గీతలు చూస్తూ కూర్చునేదాన్ని, అది విసుక్కోకుండా చెప్పేది. మనిషి తొక్కిన గీత మలుపు ముందు తగ్గుతుంది, దాటాక మెల్లగా కోలుకుంటుంది. ఇంజిన్ గీత తగ్గిన చోటనే ఠక్కున లేస్తుంది. దానికి ఆయాసం లేదు.

"దిగుడు రోడ్ల దగ్గరే చిక్కు" అనేది. "కొండ దిగేటప్పుడు సైకిలూ కారంత వేగంగా పోతుంది. అక్కడ ఎవరి సంగతీ ఒట్టేసి చెప్పలేం."

ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది. ఇంట్లోవాళ్ళ రికార్డుల్ని, ఇంట్లోవాళ్ళు పోటీపడే రోడ్లని తను ముట్టుకోకూడదు. అనుమానం వస్తే ఇంకొకరికి పంపాలి. మంచి నియమమేనని నేనూ అన్నాను.

ఊరికి పడమట ఒక కొండ, కొండమీద చిన్న ఊరు. అక్కడినుంచి కిందికి దిగే మెలికల రోడ్డు పట్టికలో మొదటి పేరు మా మనవరాలి మొగుడిది. ఎన్నో ఏళ్ళుగా అతనిదే. కొత్తవాళ్ళెవరైనా ఇంటికొస్తే టీ కంటే ముందు ఆ పట్టిక చూపించేవాడు.

ఆ పేరుని కిందికి దించినవాడు మా మనవడు, మనవరాలి తమ్ముడు. వాణ్ణి అందరం తూనీగ అంటాం. సన్నగా ఉంటాడు, ఒకచోట నిలవడు. ఫర్నిచర్ షాపు వ్యాను నడుపుతాడు. మంచాలూ బీరువాలూ ఎక్కడివక్కడ దింపేసి వచ్చి మా ఇంట్లో భోంచేసి పోతాడు. బావని ఆటపట్టించందే వాడికి ముద్ద దిగదు.

వేసవి మొదట్లో ఒకరోజు వచ్చీరాగానే ఫోన్ బల్లమీద పెట్టాడు.

"బావా, కళ్ళజోడు తగిలించుకుని చూడు. పైన ఎవరి పేరుందో."

అతను చూశాడు. "ఏం తొక్కావురా? మా మేడ మెట్లెక్కితేనే రొప్పుతావు నువ్వు."

"ఎక్కడానికి ఊపిరి కావాలి బావా. దిగడానికి గుండె కావాలి. నీకు వయసైపోయింది, బ్రేకు మీదనుంచి చెయ్యి తియ్యలేవు."

"వ్యాన్లో దిగుంటావు."

"సైకిలే. ఒట్టు! అక్కా, ఓడిపోయినవాళ్ళందరూ ఇదే అంటారా మీ ఆఫీసులో?"

మనవరాలు నవ్వింది. నేనూ నవ్వాను. బావాబామరుదులు, వాళ్ళ సరసం వాళ్ళది అనుకున్నాం. అతను మాత్రం పళ్ళెం సగంలో వదిలేసి లేచిపోయాడు.

మర్నాడు మనవరాలు ఆ గీత తెరిచి చూసింది. పట్టిక లోకమంతటికీ కనిపించేదే, చూడడం తప్పు కాదు. "ఇదిగో, ఈ మలుపు దాటాక రోడ్డు కాస్త ఎగువకి లేస్తుంది. వీడు అక్కడ కూడా తగ్గలేదు అమ్మమ్మా. ఇది కాళ్ళతో అయ్యే పని కాదు." నియమం ప్రకారం తను తీసెయ్యకుండా ఇంకో ఊళ్ళో ఉన్న తోటి ఉద్యోగికి పంపింది. ఆయన చూసి, ఎగువ చాలా కొంచెమే, అవునో కాదో తేల్చలేనని, తూనీగనే అడిగాడు: ఈ ప్రయాణం సైకిల్ మీదేనా?

వాడు జవాబు ఇవ్వలేదు. ఆ ప్రశ్న తెచ్చి బావకి చూపించాడు.

"మీ ఆవిడ నామీద కేసు పెట్టింది బావా! మొగుడి కిరీటం కోసం తమ్ముణ్ణి కోర్టుకీడుస్తోంది!"

వాడు వెళ్ళేదాకా అతను సైకిల్ తుడుస్తూ కూర్చున్నాడు. వెళ్ళాక మనవరాలితో అన్నాడు.

"నిన్నెవరు చెప్పమన్నారు?"

"అది వ్యాను. నాకు తెలుసు."

"తెలిసినా నీ నోటినుంచి రాకూడదు. రేపు నాతో తొక్కేవాళ్ళేమంటారు? పెళ్ళాం చేత తుడిపించుకుని మొదటివాడయ్యాడంటారు. వెనక్కి తీసుకో."

"తప్పుడు రికార్డుని అలాగే ఉండనివ్వమంటావా?"

"నేను తొక్కి దించుతాను."

"వ్యాను వేగాన్నా? అది నాలుగు చక్రాల మీద తిరిగిందయ్యా ఆ మలుపులు!"

తరవాత చాలా రోజులు ఇంట్లో మాటల్లేవు. ఉప్పు కావాలంటే నా ద్వారా అడిగేవాళ్ళు. చివరికి మనవరాలు విసిగిపోయి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఇంజినని తెలిసీ అది వదిలేసింది ఆ ఒక్కటే.

అప్పటినుంచి ఇల్లు మారిపోయింది. అతను ప్రతి ఆదివారం కొండకి వెళ్ళేవాడు. సన్నటి టైర్లు వేయించాడు. గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని, వేళ్ళు ముడిచి తెరిచి, ముడిచి తెరిచి, ఏ మలుపులో బ్రేకు వెయ్యకుండా పోవచ్చో లెక్క చూసుకునేవాడు. ఒకసారి మోచెయ్యి గీరుకుపోయి వచ్చాడు. రక్తం కడుగుతుంటే, ఇంకాస్తయితే రికార్డు దొరికేదన్నాడు. నేను గుడ్డ పిండి మళ్ళీ తుడిచాను.

ఆ శనివారం సైకిల్ని బస్సు మీద వేసుకుని పైకి వెళ్ళి, లాడ్జీలో పడుకుని, ఆదివారం పొద్దున్నే బళ్ళు తిరగకముందు దిగాలని అతని ఆలోచన.

"ఈ వారం మానెయ్యి నాయనా."

"వానలు మొదలైతే మళ్ళీ నెలల తరబడి రోడ్డు తడి అమ్మమ్మగారూ. రేపు మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాను."

మనవరాలు వచ్చి హెల్మెట్ పట్టీ లాగి చూసింది. అతను మెట్లు దిగుతుంటే సైకిల్ చక్రం టిక్కుటిక్కుమనడం కిందిదాకా వినిపించింది.

మధ్యాహ్నం తూనీగ భోజనానికి వచ్చాడు.

"బావేడీ?"

"నీ రికార్డు దించడానికి కొండెక్కాడు" అంది మనవరాలు.

నవ్వబోయాడు. దాని మొహం చూసి ఆగిపోయాడు. "ఇంకా దానిమీదే ఉన్నాడా?"

"మరి ఏమనుకున్నావు?"

కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "అక్కా, అది వ్యానే. పైన ఒకరింట్లో సోఫా దింపి, వెనకాల ఎలాగూ నా సైకిలుందని కాసేపు తొక్కి, వ్యాన్లో దిగొచ్చాను. ఫోన్ ఆపడం మర్చిపోయాను. చూస్తే నా పేరు బావ నెత్తిమీద కూర్చుంది! నవ్వాగలేదు. రెండ్రోజులు ఏడిపించి చెప్పేద్దామనుకున్నాను. ఈలోపు మీరిద్దరూ పోట్లాడుకున్నారు. అప్పుడు చెప్తే చంపేస్తారని..."

"ముందు అది తీసెయ్యి."

తీసేశాడు. పట్టిక మళ్ళీ తెరిచారు. మొదటి పేరు మా మనవరాలి మొగుడిది. నేను కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాను. వాడు వెంటనే ఫోన్ చేశాడు, మేమూ వినేట్టు.

"బావా, నేను. అది వ్యాను బావా. తీసేశాను చూడు. నువ్వే ఫస్టు."

అటునుంచి అతని గొంతు వచ్చింది.

"మీ అక్క పక్కనే ఉందా?"

"ఉంది."

"చెప్పమని ఏడ్చిందా?"

"లేదు బావా, ఒట్టు!"

"ఆరోజు సైకిలేనని కూడా ఒట్టేశావు కదరా."

మనవరాలు ఫోన్ లాక్కుంది. "వాడు చెప్పేది నిజం. పట్టిక తెరిచి చూడు."

"చూస్తున్నాను. నా పేరే ఉంది." అతను నవ్వాడు. చల్లగా, అలిసిపోయినట్టు నవ్వాడు. "పేర్లు తుడవడం నీ చేతిలో పనేగా. నాకోసం ఉద్యోగం పోగొట్టుకోకు. రేపటితో దీని అవసరం ఉండదు."

"నేను ముట్టుకోలేదు! ముట్టుకోనివ్వరు కూడా!"

"అమ్మమ్మగారిని బెంగపెట్టుకోవద్దని చెప్పు" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మనవరాలు కొండమీది లాడ్జీలన్నిటికీ ఫోన్ చేసింది. ఒకచోట, సైకిలాయన ఉన్నాడు, ఎవరు అడిగినా పిలవొద్దన్నాడు అన్నారు.

"నేను వెళ్తాను" అన్నాడు తూనీగ. "సైకిలెత్తి వ్యాన్లో పడేసి, బావని దానిమీద కూర్చోబెట్టి తీసుకొస్తాను." ఇంకా హాస్యమాడుతూనే ఉన్నాడు, పెదాలు మాత్రం పాలిపోయాయి.

కొండ కింద గేటు ఉంది. సాయంత్రమైతే సరుకుబళ్ళని పైకి వదలరు. షాపులో చెప్పి, అప్పటికే ఎక్కించిన బీరువా దింపి, వాడు అక్కడికి చేరేసరికి గేటు వేసేశారు. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఎంత బతిమాలినా గేటు మనిషి, పొద్దున్నే రా బాబూ, కొండ ఎక్కడికీ పోదు అన్నాడట. వాడు అక్కడే వ్యాన్లో కూర్చున్నాడు.

తెల్లవారగానే గేటెత్తారు. సగం కొండ ఎక్కాక బావ ఎదురొచ్చాడట. తూనీగ హారన్ కొట్టాడు, చెయ్యి బయటపెట్టి ఊపాడు, గొంతు చించుకుని అరిచాడు.

"నన్ను చూశాడమ్మమ్మా. వ్యాన్ని చూశాడు. నేను ఎగతాళికి వచ్చాననుకున్నాడో ఏమో, తల ఇంకా కిందికి వంచాడు."

రోడ్డు వెడల్పున్న చోట వ్యాను తిప్పుకుని వెనకే దిగాడు. రెండు మలుపుల తర్వాత, ఎగువకి లేచే ముక్కకి ముందు, పిట్టగోడ పక్కన కంకర చెదిరిపోయి ఉంది. ఎంత దూరం చూసినా రోడ్డు మీద ఎవరూ లేరు. కింద పొదల్లోంచి చక్రం తిరుగుతున్న టిక్కుటిక్కు వినిపించిందట.

అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. అతని ఫోన్ చొక్కా జేబులోనే ఉంది, పగల్లేదు. దాన్ని ఆపాలని ఎవరికి తోస్తుంది? ఆసుపత్రి దాకా అది కొలుస్తూనే ఉంది. కొండ కిందనుంచి ఊళ్ళోకి వచ్చే తిన్నటి రోడ్డుకి వేరే పట్టిక ఉంది. దానిమీద ఆ పొద్దున మొదటి పేరు అతనిదే అయింది.

దహనమైన వారం తర్వాత, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఫోన్‌ని మనవరాలు ఛార్జింగుకి పెట్టి తెరిచింది. ఇంకో ఊళ్ళో ఉన్న ఆ తోటి ఉద్యోగికి ఎవరి సంగతీ తెలీదు, తన పని తను చేశాడు. ప్రశ్న వచ్చి ఉంది: ఈ ప్రయాణం సైకిల్ మీదేనా?

అది చాలాసేపు చూసి, "కాదు" అని కొట్టింది. వాళ్ళు ఆ పేరు తీసేశారు. కొండ పట్టికలో పేరు ఉంది. అది నిజంగా తొక్కిందే.

తూనీగ ఆ తర్వాత మా ఇంట్లో భోంచెయ్యలేదు. వచ్చేవాడు, గుమ్మంలో నిలబడేవాడు. రారా అంటే, చేతులు మురికిగా ఉన్నాయనేవాడు. మనవరాలు వాణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

మా మనవరాలి మొగుడు వానలు పడకముందు చివరి ఆదివారం కొండ దిగాడు, ఇంటికి రాలేదు. తూనీగ ఆ ఏడు చలికాలం మొదట్లో వ్యాను తాళాలు షాపులో ఇచ్చేసి ఊరు విడిచి వెళ్ళాడు. వాడూ తిరిగి రాలేదు.