కంకర దారిలో మూడో సైకిల్

తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అని లోకం అనుకుంటుంది గానీ, ఆ ఇంట్లో పెద్దకోడలూ చిన్నకోడలూ ఆదివారం తెల్లవారేసరికి ఒకరి సైకిల్‌కి ఒకరు గాలి కొట్టిపెట్టేవాళ్ళు. కింద పెద్దావిడ కాపురం, పైన చిన్నదాని కాపురం. అన్నదమ్ములిద్దరూ దుప్పటి ముసుగు తీయకముందే వీళ్ళు హెల్మెట్లు పెట్టుకుని గేటు దాటేసేవాళ్ళు.

పెద్దావిడకి కర్టెన్లు కుట్టించి అమ్మే దుకాణం ఉంది. కిటికీని చూపుతోనే కొలిచేయగలదు. మనిషి దిట్టం, మాట గట్టి. చిన్నది ఆసుపత్రిలో చెవులు పరీక్షిస్తుంది. మనిషిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపిస్తూ, వినబడినప్పుడల్లా మీట నొక్కమంటుంది. రోజంతా అదే పని.

వాళ్ళ సైకిళ్ళు కంకర దారుల కోసం చేసినవి. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా వంగి ఉంటుంది, టైర్లు లావు. అమ్మిన సైకిల్ షాపతను వారం వారం ఒక గుంపుని వేసుకుని కొండదారులు తిప్పుతాడు. ఆ గోల వీళ్ళకి పడదు. వీళ్ళ దారి వేరు. ఇళ్ళ వరసల వెనక నుంచి వాటర్ ట్యాంకు ఉన్న పార్కులోకి ఎక్కడం, పెరటి గోడల మధ్య సన్నదారిలో కుక్కల చేత మొరిగించుకుంటూ దిగడం, మళ్ళీ పైన్ చెట్ల పార్కు ఎక్కడం. ఆ కొండ మీద దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది బస్ డిపో గోడ దగ్గర తేలుతుంది. ఎడమవైపుది పాత రాతి క్వారీ వైపు పోతుంది గానీ, ఎన్నడో కంచె వేసేశారు. అటు ఎవరూ వెళ్ళరు.

ఆ ఆదివారం పొగమంచు పట్టింది. వాటర్ ట్యాంకు కనబడలేదు, దాని కాళ్ళు మాత్రం కనబడ్డాయి. పైన్ చెట్ల పార్కు ఎక్కుతుండగా చిన్నదాని సైకిల్ గొలుసు ఊడింది. "అక్కా, ఆగు!" అని కేకేసింది. పెద్దావిడ ఆగలేదు. చిన్నది ఉడుక్కుంటూ గొలుసు ఎక్కించుకుని, నల్లబడ్డ చేతులతో మళ్ళీ బయలుదేరేసరికి పెద్దావిడ పైన మలుపులో మసకగా కనిపించింది. తల ఎడమవైపు తిప్పి ఎవరితోనో మాట్లాడుతోంది. నవ్వుతోంది కూడా. కంకర మీద రెండు సైకిళ్ళు నడుస్తున్న చప్పుడు చిన్నదానికి స్పష్టంగా వినిపించింది. పొద్దున్నే ఎవరో తోడు దొరికారు కాబోలు అనుకుంది.

డిపో గోడ దగ్గర పెద్దావిడ ఒక్కతే నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"నీతో వచ్చిందెవరక్కా?"

పెద్దావిడ ఆమె మూతి వంక చూసింది. "ఏమన్నావు?"

"కొండ మీద నీ పక్కన వచ్చిందెవరు అంటున్నా."

"నువ్వే కదే! దారంతా ఊపిరి సలపకుండా కబుర్లు చెప్పి, ఇప్పుడే వెనకబడ్డావు."

"నేనా? గొలుసు ఊడి కిందే ఆగిపోయాను. నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

"చాల్లే, పొద్దున్నే నన్ను ఆటపట్టించకు."

చిన్నది రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ళ నిండా గ్రీజు. పెద్దావిడ ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. తర్వాత సైకిలెక్కింది.

ఆ వారమంతా పెద్దావిడ వింతగా హుషారుగా ఉంది. ఒంటరిగా కూనిరాగాలు తీసింది. భయపడాల్సిన మనిషి అలా వెలిగిపోతుంటే చిన్నదానికి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అప్పటినుంచి ఆవిణ్ణి కనిపెట్టి చూడసాగింది. భోజనాల దగ్గర అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి పెద్దావిడ నవ్వుతోంది. ఏదో అడిగితే దానికి పొంతనలేని జవాబు చెప్పింది. "వదినతో మాట్లాడ్డమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే" అని మరిది వేళాకోళమాడాడు. ఆ ఇంట్లో అది పాత హాస్యమే. అందరితోపాటు పెద్దావిడా నవ్వింది. అప్పుడు కూడా ఒక క్షణం ఆలస్యంగానే.

చిన్నదాని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అందరూ లేచాక పెద్దావిడ సింకు దగ్గర నిలబడి ఉంటే, వెనక నుంచి మెల్లగా "అక్కా, కుళాయి కట్టెయ్" అంది. పలకలేదు. గొంతు పెంచింది. పలకలేదు. భుజం మీద చెయ్యి వేస్తే పెద్దావిడ ఉలిక్కిపడి గిన్నె జారవిడిచింది.

చిన్నది ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎన్నాళ్ళ నుంచి?"

బుకాయించబోయి, ఆ ముఖం చూసి పెద్దావిడ తల దించుకుంది. "ఏడాది దాటింది. మొన్న ఒకాయన ఫోన్లో చెప్పిన కొలత తప్పుగా విని కర్టెన్లు మోకాళ్ళ దాకా కుట్టించాను. తప్పు దర్జీ మీదికి నెట్టాను."

"చెవుల పని చేసేదాన్ని ఇంట్లో పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు?"

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదుగా." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఒకసారి వినబడలేదని ఇంకోసారి అడిగితే, 'ఏం లేదులే' అంటారు చూడు, మీరందరూ. ఆ మాట ఒక్కటీ బాగానే వినిపిస్తుంది."

చిన్నది కిందపడ్డ గిన్నె తీసి సింకులో పెట్టింది. ఆ మాట తనూ అంది. ఎన్నిసార్లో.

"ఆ రోజు కొండమీద మాత్రం, చెల్లీ, ప్రతి మాటా వినిపించింది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు. నీ గొంతే. ఎంత నెమ్మదిగా మాట్లాడావో! నేను చెప్పిందంతా విన్నావు. ఎడమవైపు ఇంకో దారుంది, వచ్చే ఆదివారం చూపిస్తానన్నావు."

"అది నేను కాదక్కా."

"తెలుసు" అంది పెద్దావిడ. "తెలిసే చెబుతున్నాను."

చిన్నది కుళాయి కట్టేసింది. ఇక ఆ కొండకి వెళ్ళనని చేతిలో చెయ్యి వేయించుకుంది. సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్తానంది. పెద్దావిడ అన్నిటికీ తలూపింది.

ఆదివారం చిన్నది కిందికి దిగేసరికి గోడవారన ఒక్క సైకిలే ఉంది.

హెల్మెట్ కూడా పెట్టుకోకుండా బయలుదేరింది. రాత్రి వాన కురిసి వెలిసింది. మంచు మళ్ళీ దట్టంగా దిగింది. తడి కంకరలో పెద్దావిడ టైరు జాడ స్పష్టంగా పడింది. వాటర్ ట్యాంకు దాటేదాకా ఒక్కటే జాడ. పెరటి గోడల సందులో కుక్కలు మొరగలేదు. గేట్ల వెనక నిలబడి ఊరికే చూశాయి. పైన్ చెట్ల కింద ఎత్తు మొదలైనచోట మొదటి జాడ పక్కన రెండోది కనిపించింది. అది ఏ పక్కదారి నుంచీ వచ్చి కలవలేదు. దారి నడిమధ్యన మొదలైంది. అక్కడ ఎవరూ కాలు ఆనించిన గుర్తు లేదు. చిన్నది తన ముందు టైరు వంక చూసుకుంది. అదే నమూనా.

చీలిక దగ్గర రెండు జాడలూ ఎడమకి తిరిగాయి.

అటు దారి గడ్డి పట్టి, రాళ్ళు తేలి ఉంది. చక్రం జారుతున్నా ఆగకుండా తొక్కింది. కాసేపటికి ముందు నుంచి మాటలు వినబడ్డాయి. ఒకటి పెద్దావిడ గొంతు. రెండోది తనది. తన గొంతు బయటినుంచి వినడం ఎవరికైనా కొత్తే, కానీ ఆమె దాన్ని ఇట్టే పోల్చుకుంది. ఒక్కటే తేడా. అంత ఓపిక తన గొంతులో ఆమె ఎన్నడూ వినలేదు.

"ఇంకొంచెమే అక్కా. అలిసిపోయావా? నెమ్మదిగానే పోదాం. చెప్పు, తర్వాతేమైంది?"

"అక్కా!" అని అరిచింది. బెల్లు మోగించింది. పెద్దావిడ వీపు మంచులో ముందుకే పోతోంది. వెనక నుంచి పిలిస్తే ఆవిడకి వినబడదు. పిలుపులన్నీ దండగ. చిన్నది పెడల్ మీద లేచి నిలబడి, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. పక్కకి చేరి ఆవిడ చలికోటు పట్టుకుని లాగింది. రెండు సైకిళ్ళూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మోచేతులు కంకరలో గీసుకుపోయాయి.

పెద్దావిడ లేచి కూర్చుని ఆమెను చూసింది. తర్వాత తల తిప్పి ముందున్న మంచులోకి చూసింది. అక్కడ ఒక చక్రం టకటకమంటూ తిరుగుతోంది. ఎవరో ఆగి, ఎదురుచూస్తున్నట్టు.

"అక్కా, నేను. ఇటు చూడు. నా ముఖం చూడు."

"ఏమిటీ?"

"నేనే వచ్చాను! ఇంటికి పోదాం!"

పెద్దావిడ కళ్ళు చికిలించి ఆమె పెదవులు చూసింది. ముందు నుంచి తియ్యగా, తేటగా, "రా అక్కా" అని వినిపించింది. ఇద్దరికీ వినిపించింది.

పెద్దావిడ చిన్నదాని చెయ్యి పట్టుకుంది. "నీ మాట సగమే వినబడుతోంది" అంది. "అయితే నువ్వే."

చక్రం చప్పుడు ఆగిపోయింది. అది దూరం జరగలేదు. ఉన్నచోటే ఆగింది. మంచు పల్చబడేదాకా ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. ఎదుట ఎవరూ లేరు. కంచె నేలమీద పడి ఉంది. దాని అవతల నాలుగడుగుల నేల, ఆ తర్వాత క్వారీ గొయ్యి, అడుగున నల్లటి నీళ్ళు.

ఇంటికి సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చారు. దారిలో చిన్నది మాటిమాటికీ ఎదురుగా వచ్చి నిలబడి ఏదో చెప్పడం, మళ్ళీ నడవడం. చెప్పిందేమీ పెద్ద విషయం కాదు. టైరులో గాలి తగ్గిందని, మోచెయ్యి మండుతోందని. వినబడకపోతే మళ్ళీ చెప్పింది. మూడోసారీ చెప్పింది.

సోమవారం పెద్దావిడ ఆ చప్పుడులేని గదిలో కూర్చుంది. ఫలితం చూశాక చిన్నది గది గాజు కిటికీకి ఇవతల కళ్ళొత్తుకుంది. కొద్ది రోజుల్లో రెండు చెవులకీ చిక్కుడుగింజంత వినికిడి మిషన్లు వచ్చాయి. "ఈ ఇంట్లో గిన్నెలు ఇంత మోత మోగుతాయా! మీ బావగారు ఇంత గట్టిగా నములుతారా!" అని పెద్దావిడ వారం రోజులు అందర్నీ దులిపేసింది. మరిది వేళాకోళాలన్నీ వినేసి, ఒక్కోదానికీ వడ్డీతో సహా తిరిగిచ్చింది. దర్జీకి క్షమాపణ చెప్పుకుంది. ఆదివారాలు కొండ మానేసి, ఏటిగట్టు వెంబడి చదును దారిలో తిరగడం మొదలుపెట్టారు.

ఒకరోజు కొత్త ట్యూబుల కోసం సైకిల్ షాపుకి వెళ్ళారు. పెద్దావిడ లోపల టైర్ల వరస దగ్గర ఉంది. షాపతను చిన్నదానితో, "మొన్న ఆదివారం పిలిస్తే పలకలేదేమండీ? మా గుంపు మొత్తం చేతులూపాం" అన్నాడు.

"ఎక్కడ?"

"పైన్ చెట్ల కొండ మీద. చీలిక దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరే. ఎవరికోసమో చూస్తున్నట్టుంటే, సరే పెద్దమ్మగారు వెనకొస్తున్నారు కాబోలనుకున్నాం."

మొన్న ఆదివారం వాళ్ళిద్దరూ ఏటిగట్టు మీదే ఉన్నారు. చిన్నది లోపలి టైర్ల వరస వైపు ఒకసారి చూసింది. "మంచులో ఎవర్ని చూసి ఎవరనుకున్నారో" అని ఎలాగో సర్ది, గొంతు తగ్గించి, "అక్కతో మాత్రం అనకండి" అంది.

బయటికొచ్చి సైకిళ్ళు తీస్తుండగా పెద్దావిడ అంది: "విన్నానులే. ఇప్పుడన్నీ వినబడి చస్తున్నాయి."

చిన్నది ఆవిడ ముఖంలోకి చూసింది. భయం లేదక్కడ. కొండలు కనబడేవైపు చూస్తోంది పెద్దావిడ.

"పాపం" అంది. "ఇంకా ఆగే ఉందన్నమాట."

చిన్నది ఆవిడ సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, ఇంటివైపు తిప్పింది.