పోటీ లేని మాట

వీరరాఘవులు పంతులుగారి సైటు. శుక్రవారంలోగా కావలసిన పనులు:

పేజీ శీర్షిక మార్చాలి.
శీర్షిక కింద రెండు వాక్యాల పరిచయం.
ఆర్.కె. పురం, ద్వారక, గుర్గావ్, నోయిడా: ఒక్కో చోటికి ఒక్కో పేజీ.
నూట ఇరవై నెట్ డైరెక్టరీల్లో పేరు, ఫోన్ నంబరు, ఒక వాక్యం ఎక్కించాలి.
వ్యాసాలు మూడు.
పంతులుగారి ఫొటో. ఈసారి నవ్వుతూ.

మల్లేశం ఈ కాగితాన్ని నెహ్రూ ప్లేస్ ఆఫీసులో తన కంప్యూటరు తెర అంచుకి అంటించుకున్నాడు. అది 2008 మార్చి. సిరిసిల్లలో తండ్రి మరమగ్గం నడిపేవాడు. ఇంట్లో మొదటి డిగ్రీ మల్లేశానిదే. కొడుకు చేసే పనేమిటో తండ్రికి ఎన్నిసార్లు చెప్పినా అంతుపట్టేది కాదు.

"ఢిల్లీల ఏం పనిరా నీది?"

"నెట్టుల దుకాణాల పేర్లు వెతికితే, మనోళ్ల పేరు ముందు వరుసల వచ్చేటట్టు జేస్తనే."

"మరి ముందుగాల ఉన్నోళ్లు ఏడికి పోతరు?"

"ఎన్కకు పోతరు."

"ఆళ్ల ఉసురు తాకదారా?"

చిన్న చిన్న వ్యాపారాల సైట్లు వాళ్ల ఆఫీసుకు ఆధారం. నీళ్ల ట్యాంకులు కడిగేవాళ్లు, టెంపోలు తిప్పేవాళ్లు, జిమ్ సామాన్లు అమ్మేవాళ్లు. ఆ ఏడాది ప్రతి ఉద్యోగీ తన వంతుగా ఒక క్లయింటును తేవాలని మేనేజరు హుకుం జారీ చేశాడు. ఆ మహానగరంలో మల్లేశానికి తెలిసిన పెద్దమనిషి ఒక్కరే. కిందటేడు ఆర్.కె. పురం ఉగాది సభలో పంచాంగం చదివి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి "ఏ ఊరు నాయనా?" అని అడిగిన వీరరాఘవులుగారు.

"నాకెందుకయ్యా వెబ్‌సైటు? నేనేమన్నా సబ్బుబిళ్లనా?" అని ఆయన మొదట నవ్వేశారు. తరవాత ఆలోచనలో పడ్డారు. పాత ఆఫీసర్లు రిటైరై క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్నారు. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఆయనెవరో తెలియదు. "సరే కానీయ్" అన్నారు. సైటు కోసమని వేరే ఫోనూ వేరే నంబరూ కూడా తీసుకున్నారు.

మల్లేశం శ్రద్ధగా పనికి దిగాడు. జనం ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారో ముందు చూడాలి. గృహప్రవేశం, పెళ్లి, వ్రతం. ఏ మాట తీసుకున్నా అప్పటికే వందల మంది పండిట్‌జీలు బారులు తీరి ఉన్నారు. వాళ్లని దాటడం అయ్యే పని కాదు. మేనేజరు రోజూ చెప్పే సూత్రం ఒక్కటే: పోటీ లేని మాట పట్టుకో. అలా వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. తెలుగు పద్ధతిలో అంత్యక్రియలు, కర్మకాండ, ఢిల్లీ. నెలకి కొద్దిమందే వెతుకుతున్నారు. వాళ్లకి జవాబు చెప్పే సైటు ఒక్కటీ లేదు.

పంతులుగారికి ఫోన్ చేశాడు. "చావు కార్యాలు గూడ చేస్తరా సార్?"

"నేను చెయ్యను నాయనా. ఎవరన్నా అడిగితే ఆ పని చేసే మనిషిని కుదిర్చి పంపిస్తాను."

ఆఫీసు పద్ధతిలో కుదర్చడం కూడా సేవే. ట్యాంకుల కంపెనీ యజమాని తనే ట్యాంకులోకి దిగడు కదా! మల్లేశం ఆ కర్మకాండ మాటనే శీర్షికలో పెట్టాడు. పెళ్లికి పిలిచే అయ్యగారు వేరు, చావుకి పిలిచేవాళ్లు వేరు అని తన ఊళ్లో పుట్టి పెరిగిన అతనికి తెలియక కాదు. తెర ముందు కూర్చుంటే ఆ సంగతి తట్టలేదు.

ఆరు వారాలకి పంతులుగారి సైటు ఆ మాటకి మొదటి స్థానంలో నిలిచింది. మల్లేశం ఆనందం పట్టలేక కిందికి దిగి టీ కొట్టుకి పరిగెత్తాడు. "భయ్యా, ఫస్ట్ నంబర్ ఆ గయా!" అన్నాడు. "కిస్ చీజ్ మే?" అని, ఎందులో వచ్చిందో అడిగాడు టీ కొట్టతను. మల్లేశం గబగబా టీ తాగి పైకెళ్లాడు.

జూన్ మొదట్లో పంతులుగారు మునిర్కాలోని తన గదికి రమ్మని కబురు పెట్టారు. వెళ్లేసరికి ఆయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఇన్నేళ్లూ నన్నే పిలిచిన అన్నపూర్ణేశ్వరిగారు, వాళ్లమ్మాయి పెళ్లి చేయించే పని కరోల్‌బాగ్ పంతులుకి అప్పజెప్పారయ్యా. ఆ ప్రణతికి అక్షరాభ్యాసం చేయించింది నేను."

"ఎందుకు సార్?"

"ఎందుకేమిటి? ఆ పిల్ల తమ్ముడు దీపు నెట్టులో నా పేరు కొట్టి చూశాడట. 'అంకుల్, యూ డూ ఓన్లీ డెత్స్?' అని నా మొహం మీదే అడిగాడు వెధవ."

తను రాసిన శీర్షిక మల్లేశానికి కళ్ల ముందు మెదిలింది.

"ఆవిడ మంచిదే పాపం. 'మీరేమీ అనుకోకండి పంతులుగారూ, మగపెళ్లివారు పట్టింపు మనుషులు' అంది. ఆవిడ వెనక మరో రెండిళ్లు. శ్రావణమాసం నోములకి ఇంకో మనిషిని చూసుకున్నారు. ముప్ఫై ఏళ్ల నుంచి ఈ ఊళ్లో శుభం పలికిన నోరయ్యా ఇది."

"తీసేస్త సార్. ఇయ్యాల్నే తీసేస్త."

"తియ్యి. ఇదిగో, ఈ ఫోను కూడా నువ్వే పట్టుకెళ్లు. పొద్దున లేస్తే చావుకబుర్లు. నా వల్ల కాదు."

మల్లేశం ఆ సాయంత్రమే శీర్షిక మార్చాడు. కానీ నూట ఇరవై డైరెక్టరీల్లో తన చేత్తో ఎక్కించిన వాక్యం నూట ఇరవై చోట్లా ఉంది. ఆ డైరెక్టరీలవాళ్లు ఒక్కొక్కరికీ మెయిలు రాశాడు. ఇద్దరు బదులిచ్చారు. సెర్చింజను తన జ్ఞాపకంలోంచి పాత పేజీనే తీసి చూపిస్తోంది. సాయం అడిగితే మేనేజరు, "నంబర్ వన్ కో కౌన్ హటాతా హై యార్?" అని, మొదటి స్థానాన్ని ఎవడైనా చేతులారా పోగొట్టుకుంటాడా అన్నట్టు నవ్వి, తన సీటుకి వెళ్లిపోయాడు.

ఫోను మోగుతూనే ఉంది. మల్లేశం ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పేవాడు. "పొరపాటున పడ్డదండి. పంతులుగారు ఆ పని చెయ్యరు." అయినా వాళ్లు వెంటనే పెట్టేసేవాళ్లు కాదు. నోయిడా నుంచి ఒకాయన దర్భలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. ఒకావిడ ఏమీ అడగలేదు, కాసేపు ఏడ్చి, "మీది ఏ ఊరు నాయనా?" అంది. కటవారియా సరాయ్‌లో మల్లేశం గదికి అటూ ఇటూ పరీక్షలకు చదివే పిల్లలు. తలుపులు వేసుకుని పుస్తకాల్లో మునిగి ఉంటారు. ఆ రోజుల్లో అతని చెవిన పడిన తెలుగు ఆ ఫోనులోదే. రాను రాను అది మోగకపోతే తీసి చూసుకోవడం అలవాటైంది. ఒకరింట్లో చావు కోసం తాను ఎదురుచూస్తున్నాడని తెలిసిన రోజున సిగ్గుతో అన్నం సహించలేదు.

ద్వారక నుంచి సదాశివరావుగారని ఒకాయన నాలుగుసార్లు చేశారు. కేంద్ర ప్రభుత్వంలో స్టెనోగా రిటైరయ్యారు. పిల్లలు లేరు. భార్య సంవత్సరీకం దగ్గరపడుతోంది. మూడుసార్లు మల్లేశం కాదన్నాడు. నాలుగోసారి చేసినప్పుడు ఆదివారం పొద్దున్నే.

"పంతులుగారు రారు సార్. మొన్న గూడ చెప్పిన గద."

"తెలుసు బాబూ. తిథి ఎల్లుండే. ఊరికే చేశాను. ఇక్కడ పండిట్‌లు దొరుకుతారు, హిందీలో చేయిస్తారు. ఆవిడకి హిందీ పట్టుబడలేదు. ఆయన రారనే మాటైనా మీరు తెలుగులో చెబుతారు కదా, అందుకని."

మల్లేశం వెంటనే నడుచుకుంటూ మునిర్కా వెళ్లి సంగతంతా చెప్పాడు.

పంతులుగారు విని, "ఆ పని చేసే మన మనిషి ఊరెళ్లాడు. పున్నమి దాటితే గానీ రాడు" అన్నారు.

"మీరు పోరా సార్?"

"నేనా?" ఆయన చేతిలోని విసనకర్ర పక్కన పెట్టారు. "ఇప్పటిదాకా అది నువ్వు రాసిన అబద్ధం. ఇవాళ కాకపోతే రేపు నలుగురికీ చెప్పుకుని బయటపడొచ్చు. ఎల్లుండి వెళ్లానంటే నిజమైపోతుంది. ఆ తరవాత నన్ను పెళ్లి పందిట్లోకి ఎవడు రానిస్తాడు?"

"అయితే వద్దు సార్. పోకుండ్రి."

"వద్దనడానికేనా ఎండలో పడి ఇంతదూరం వచ్చావు?"

మల్లేశం తల వంచుకున్నాడు.

"ఆయన గోత్రం కనుక్కో. నువ్వులు, దర్భలు తెచ్చిపెట్టుకోమను" అన్నారు పంతులుగారు పంచాంగం అందుకుంటూ.

మంగళవారం ఇద్దరూ బస్సులో ద్వారక వెళ్లారు. మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. సదాశివరావుగారు తప్ప ఇంట్లో మరో మనిషి లేడు. భోజనానికి పిలవడానికి బ్రాహ్మలు దొరకలేదు. బియ్యం, పప్పు, కూరలు దానమిచ్చి సరిపెడదామని పంతులుగారు సర్దుబాటు చేశారు. మల్లేశం వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఆవిడ పేరు చెప్పండి" అన్నారు పంతులుగారు.

"మా ఇంట్లో ఆవిడ..."

"పేరు, సదాశివరావుగారూ. ఇక్కడ పేరు చెప్పాలి."

ఆవిడ ఆయన ముప్ఫై ఎనిమిదేళ్లు "ఇదిగో" అని పిలిచిన మనిషి. పక్క ఫ్లాటువాళ్లకి ఆవిడ ఆంటీ. వాచ్‌మన్‌కి మూడో అంతస్తు మాతాజీ. కూరల బండివాడికి మద్రాసీ దీదీ. ఆ ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లెవరూ లేరు.

"సుభద్ర" అన్నారు సదాశివరావుగారు. పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు అన్నారు. అని అటువైపు చూశారు.

"గట్టిగా అనండి."

"సుభద్ర."

ఆ పూట మంత్రాల మధ్య ఆ పేరు మళ్లీ మళ్లీ పలకాల్సి వచ్చింది. ప్రతిసారీ ఆయన గొంతు కొంచెం తేరుకుంది. గుమ్మంలో నిలబడ్డ మల్లేశం కూడా తనకు తెలియకుండానే పెదవులు కదిపాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పంతులుగారు కిటికీ పక్కన కూర్చున్నారు. పాలం దాటాక అన్నారు.

"నాలుగు రోజుల్లో అన్నపూర్ణేశ్వరిగారికీ తెలిసిపోతుంది."

"నా వల్లనే సార్ ఇదంత."

"నీ వల్లే. కాదంటే అబద్ధమాడినట్టవుతుంది." కండువాతో మొహం తుడుచుకున్నారు. "అయినా ఆ మనిషి ఏడాది పొడుగునా ఆ పేరు ఎవరితో అనాలో తెలీక ఎంత అవస్థపడ్డాడోనయ్యా!"

శ్రావణంలో ఆయన్ని నోములకి ఒక్క ఇంటివారూ పిలవలేదు. ఆయన పిలుపుకోసం ఎదురు చూడనూ లేదు. ఘజియాబాద్ నుంచి, గుర్గావ్ నుంచి చావు కార్యాలకి మనుషులు వస్తే, సంచీ భుజాన వేసుకుని వెళ్లేవారు.

ఇది చదివినవారికి ఒక మనవి. సుభద్రగారు మీకేమీ కారు. పన్నెండేళ్లు ద్వారకలో ఉండి, ఎవరి నోటా తన పేరు వినకుండా వెళ్లిపోయారు. వీలు చూసుకుని ఒక్కసారి, పక్కన ఎవరూ లేకపోయినా సరే, ఆ పేరు పైకి అని, ఆవిడని తలుచుకోండి.